అకాడియా బొమ్మల్లో సముద్రం, అడవి: వాటి వెనకున్న నేల కథ

క్లుప్తంగా: కెనడా తూర్పు తీరంలోని అకాడియన్లలో ఎవరి దగ్గరా నేర్చుకోకుండా సొంతంగా బ్రష్ పట్టినవాళ్లు ఎందరో. వాళ్ల బొమ్మల్లో ఎటు చూసినా సముద్రం, అడవి. ప్రకృతి మీద ప్రేమ అని ఒక్క మాటలో తేల్చేస్తే అసలు సంగతి జారిపోతుంది. వీళ్ల పూర్వీకులు సాగు చేసుకున్న నేల వేరే. అది చేజారాకే రాళ్ల ఒడ్డుకూ అడవి అంచుకూ చేరారు. 1960ల దాకా వాళ్ల భాషలో చిత్రకళ నేర్పే విశ్వవిద్యాలయం ఆ ప్రాంతంలో లేదు. పడవ, గొడ్డలి, ఉన్ని దారం నేర్పిన చూపే బొమ్మల్లోకి వచ్చింది.

## ఏ అకాడియా?

హాలిఫాక్స్‌కో మాంక్టన్‌కో చదువు కోసం, ఉద్యోగం కోసం వెళ్లిన తెలుగువాళ్లు వీకెండ్‌లో కారేసుకుని తీరం వెంట బయల్దేరితే దారి పక్కన చిన్న చిన్న గ్యాలరీలు తగులుతాయి. లోపల గోడల మీద పోలికలున్న బొమ్మలే. ఎర్ర టోపీ పెట్టినట్టుండే తెల్ల లైట్‌హౌస్, ఒడ్డున ఒరిగిన పడవ, వెనక నల్లగా కనిపించే స్ప్రూస్ చెట్ల వరుస. కింద చీటీ మీద ఫ్రెంచ్ పేరు, పక్కన ‘ఆటోడిడాక్ట్’ అన్న మాట. గురువు లేకుండా తనంతట తాను నేర్చుకున్న మనిషి అని దానర్థం. మన భాషలో చెప్పాలంటే ఏకలవ్య విద్య.

‘అకాడియన్’ అన్న పేరు దగ్గరే చాలామందికి తికమక మొదలవుతుంది. మెసొపొటేమియా చరిత్రలో చదివే అక్కాడియన్లతో వీళ్లకు ఏ సంబంధమూ లేదు. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో అకాడియా నేషనల్ పార్క్ ఉంది. దానికి ఆ పేరు పాత ఫ్రెంచ్ వలస నుంచే వచ్చింది గానీ ఈ బొమ్మల ఊళ్లు అక్కడివి కావు. ఈనాటి మ్యాపులో అకాడియా అని గీత గీసి చూపించగలిగే రాష్ట్రమేదీ లేదు. నోవా స్కోషియా, న్యూ బ్రన్స్‌విక్, ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలండ్ రాష్ట్రాల తీరాల్లో ఫ్రెంచ్ మాట్లాడే ఊళ్లు అక్కడక్కడా గొలుసులా ఉన్నాయి. అదే అకాడియా.

దానికి సరిహద్దు లేదు, ప్రభుత్వం లేదు. జెండా మాత్రం ఉంది. ఫ్రాన్స్ మూడు రంగుల జెండాలోని నీలం పట్టీ మీద పసుపు నక్షత్రం పెట్టి 1884లో మిస్కూష్ అనే ఊళ్లో దాన్ని ఆమోదించుకున్నారు. న్యూ బ్రన్స్‌విక్‌లోని గ్రాండ్ ఆన్స్ ఊళ్లో ఏకంగా లైట్‌హౌస్‌కే ఆ జెండా రంగులు వేశారు. ఇలాంటి సమాజంలో ఒడ్డు బొమ్మ, ఊరి బొమ్మ గోడకు అలంకారంగా ఆగిపోవు. ‘మనం ఇక్కడున్నాం’ అని చెప్పే కాగితం లాంటివి అవి.

## మొదటి నేల సముద్రమూ కాదు, అడవీ కాదు

ఫ్రెంచ్‌వాళ్లు 1604లో సెయింట్ క్రాయ్ దీవిలో దిగారు. ఆ చలికాలం దాదాపు సగం మందిని పొట్టనపెట్టుకుంది. మరుసటి ఏడాది ఫండీ అఖాతం దాటి పోర్ట్ రాయల్‌లో స్థిరపడ్డారు. తర్వాత వచ్చిన కుటుంబాలు చేసిన పని ఆ కాలపు ఉత్తర అమెరికా వలసల్లో చాలా అరుదు. అడవి నరికి పొలం చేయడం కాకుండా సముద్రం నుంచే పొలం తీశారు.

ఫండీ ఒడ్డున పోటు నీళ్లు రోజుకు రెండుసార్లు ముంచెత్తే చౌడు మైదానాలు ఉన్నాయి. అకాడియన్లు వాటి చుట్టూ కరకట్టలు కట్టారు. ఉప్పు గడ్డి వేళ్లతో బిగిసిన మట్టిని సన్నని పారతో ఇటుకల్లా కోసి పేర్చారు. కట్ట అడుగున చెక్క తూము పెట్టారు. ‘అబ్వాటో’ అని దాని పేరు. పనితనమంతా ఆ తూములోని చిన్న చెక్క తలుపులో ఉంది. పైనుంచి వేలాడే ఆ తలుపు సముద్రం వైపుకే తెరుచుకుంటుంది. ఆటు వేళ లోపలి వాన నీళ్లు తలుపును నెట్టుకుని బయటికి పోతాయి. పోటు వేళ సముద్రమే ఆ తలుపును మూసేస్తుంది. కాపలా అక్కర్లేదు, యంత్రం అక్కర్లేదు. రెండు మూడేళ్ల వానలకు ఉప్పంతా కొట్టుకుపోయి చౌడు నేల బంగారం లాంటి పొలమైంది. ఇలా తీసిన గ్రాన్ ప్రే పొలాలను 2012లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఆ పొలాలే వాళ్లకు చేటు తెచ్చాయనాలి. 1713లో ఉట్రెక్ట్ ఒప్పందంతో అకాడియాలో ఎక్కువ భాగం బ్రిటిష్‌వాళ్ల చేతికి వెళ్లింది. షరతుల్లేకుండా విధేయత ప్రమాణం చేయమంటే అకాడియన్లు ఒప్పుకోలేదు. 1755 నుంచి 1763 వరకు వాళ్లను ఊళ్లకు ఊళ్లుగా పట్టి ఓడలెక్కించి అమెరికా కాలనీలకు, తర్వాత ఇంగ్లండ్‌కు, ఫ్రాన్స్‌కు పంపేశారు. పంపినవాళ్ల సంఖ్య పది వేల దాకా ఉంటుందని చరిత్రకారుల అంచనా. దారిలోనే ఎందరో చనిపోయారు. దొరక్కుండా తప్పించుకున్నవాళ్లు అడవిలోకి పారిపోయారు. ఆ నేల మీద ఎప్పటి నుంచో ఉన్న మిక్మాక్ ప్రజలు వాళ్లకు సాయం చేశారు. మిరమిషి నది ఒడ్డున క్యాంప్ డెస్పెరాన్స్ అనే శిబిరంలో 1756-57 చలికాలంలో ఆకలికీ జబ్బుకూ వందల మంది ప్రాణాలు పోయాయి. డెస్పెరాన్స్ అంటే ‘ఆశ’.

1764లో తిరిగి రానిచ్చారు. కాకపోతే చిన్న చిన్న గుంపులుగా, చెదురుమదురుగా ఉండాలన్నారు. పాత పొలాల్లో అప్పటికే న్యూ ఇంగ్లండ్ నుంచి తెచ్చిన రైతులు దిగిపోయారు. మిగిలింది ఎవరికీ అక్కర్లేని చోటు: సెయింట్ మేరీస్ బే ఒడ్డున రాళ్ల నేల, కేప్ బ్రెటన్‌లో కొండ పాదం, న్యూ బ్రన్స్‌విక్ ఈశాన్యాన గాలి కొట్టే తీరం. పొలం పండని చోట చేప పట్టాలి, చెట్టు కొట్టాలి. రైతులు జాలర్లయ్యారు. చలికాలంలో కలప కూలీలయ్యారు.

అకాడియన్ బొమ్మల్లో సముద్రం, అడవి ఎందుకన్న ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే ఉంది. అవి వాళ్లు ఎంచుకున్న దృశ్యాలు కావు. చరిత్ర వాళ్లను తీసుకెళ్లి అక్కడ దించింది. తరాలు గడిచాక అవే సొంతమయ్యాయి.

## బడి లేకపోవడం వేరు, నేర్పు లేకపోవడం వేరు

ఆ చుట్టుపక్కల చిత్రకళ బడులు లేవని కాదు. హాలిఫాక్స్‌లో 1887లోనే ఆర్ట్ స్కూల్ మొదలైంది. సాక్‌విల్‌లోని మౌంట్ ఆలిసన్ విశ్వవిద్యాలయం ఆవరణలో 1895లో ఓవెన్స్ గ్యాలరీ తెరుచుకుంది. ఈ సాక్‌విల్ ఉన్నది ఒకప్పటి అకాడియన్ కరకట్టల మైదానం అంచునే. అయితే ఆ బడుల్లో మాట ఇంగ్లిష్, ఫీజులు పట్నం ఫీజులు. ఫ్రెంచ్ మాట్లాడే జాలరి పిల్లలకు ఆ గేటు దాటే దారి దాదాపు లేదు.

మామూలు చదువుకే గొడవపడాల్సి వచ్చింది. న్యూ బ్రన్స్‌విక్‌లో 1871 నాటి బడుల చట్టం మతబోధన చేసే బడులకు ప్రభుత్వ సొమ్ము ఆపేసింది. దాని మీద రేగిన గొడవల్లో 1875లో కారకెట్‌లో ఇద్దరు చనిపోయారు. మెమ్రామ్‌కుక్‌లో 1864లో, చర్చ్ పాయింట్‌లో 1890లో చర్చి ఆధ్వర్యంలో కాలేజీలు వచ్చాయి. అవి చర్చి ఫాదర్లను, లాయర్లను, డాక్టర్లను తయారు చేయడానికి పెట్టినవి. కాన్వెంట్లలో ఆడపిల్లలకు కొంత డ్రాయింగ్ నేర్పేవారు. బొమ్మలేసి బతకాలనుకునేవాళ్లకు చర్చి గోడలు తప్ప వేరే చోటు లేదు.

అలాగని చేతిపని తెలియని జనం కాదు వీళ్లు. చర్చ్ పాయింట్‌లోని సెంట్ మేరీ చర్చే సాక్ష్యం. 1903లో మొదలుపెట్టి 1905కల్లా పూర్తి చేశారు. ఉత్తర అమెరికాలోకెల్లా ఎత్తైన చెక్క చర్చిగా దానికి పేరు. శిఖరం ఇప్పటికీ 56 మీటర్ల ఎత్తు. ప్లాను ఫ్రాన్స్‌కు చెందిన ఆర్కిటెక్టుది. కట్టించిన మేస్త్రి లియో మెలాన్సన్‌కు చదవడం, రాయడం రాదు. సముద్రపు గాలికి ఊగిపోకుండా శిఖరం అడుగున టన్నుల కొద్దీ రాళ్లు నింపారు, ఓడ అడుగున బరువు వేసినట్టు. ఓడలు కట్టే ఊళ్లో చర్చి కట్టినా చేతికి తెలిసిన దారి అదే.

‘సొంతంగా నేర్చుకున్న చిత్రకారుడు’ అన్న మాటను ఈ మేస్త్రిని మనసులో పెట్టుకుని చదవాలి. సర్టిఫికెట్ లేని మనిషి అని మాత్రమే దానికి అర్థం. పడవకు రంగు వేయడం, చెక్క నునుపు చేయడం, ఉన్నికి అద్దకం వేయడం ఇంట్లో చూస్తూ పెరిగిన చెయ్యి అది. కాన్వాసు ముందు కూర్చునేసరికి ఆ చేతికి సగం పని వచ్చేసి ఉంటుంది.

## ఆరు గంటలకోసారి మారిపోయే ఒడ్డు

సముద్రం బొమ్మ వేయడానికి ఫండీ అఖాతం కన్నా కష్టమైన చోటు దొరకడం అరుదు. విశాఖ తీరంలో ఆటుకూ పోటుకూ మధ్య తేడా రెండు మీటర్లు దాటదు. ఫండీ లోపలి కొసన, మైనాస్ బేసిన్ అనే చోట ఆ తేడా 16 మీటర్ల దాకా వెళ్తుంది. అయిదంతస్తుల బిల్డింగంత ఎత్తు. కారణం ఆ అఖాతం పొడవు, లోతు. అందులో నీళ్లు ఒక కొస నుంచి ఇంకో కొసకు ఊగి రావడానికి పన్నెండు, పదమూడు గంటలు పడుతుంది. సముద్రంలో పోటు వచ్చేది కూడా దాదాపు పన్నెండున్నర గంటలకోసారి. ఊగే ఉయ్యాలను సరిగ్గా వెనక్కి వచ్చిన క్షణంలో తోస్తే ఎలా ఎగసిపోతుందో, ఈ నీళ్లూ అంతే.

చిత్రకారుడికి దీనితో వచ్చే చిక్కు చాలా మామూలుది. పొద్దున ధక్కాకు, అంటే పడవలు కట్టేసే చెక్క వేదికకు, ఆనుకుని తేలుతున్న పడవ మధ్యాహ్నానికి ఎక్కడో కింద, బురదలో పక్కకు ఒరిగి ఉంటుంది. ధక్కా కర్రలకు పై సగం ఎండి బూడిద రంగు, కింది సగం నాచు పట్టి నల్లటి ఆకుపచ్చ. పడవ అడుగున వేసిన ఎర్ర రంగు, దాని మీద అంటుకున్న నత్తగుల్లలు, బురదలో సగం పూడిన లంగరు తాడు, నీళ్లున్నప్పుడు కనపడనివన్నీ బయటపడతాయి. బొమ్మ పూర్తయ్యేదాకా ఈ దృశ్యం ఆగదు. అందుకని ఒడ్డున కూర్చుని చూసి వేయడం కన్నా గుర్తు పెట్టుకుని ఇంటికొచ్చి వేయడమే సులువు. జ్ఞాపకం నుంచి వేసిన బొమ్మలో నీడలు ఒకే వైపు పడకపోవచ్చు. పోటు నీళ్లూ ఆటు బురదా ఒకే ఫ్రేములో ఇరుక్కోవచ్చు. దాన్ని పొరపాటుగా చూడడం కన్నా ఒక రోజంతటినీ ఒక బొమ్మలో పెట్టే పద్ధతిగా చూడడం న్యాయం.

ఆ బురద రంగు కూడా గమనించదగ్గది. ఇనుప తుప్పు కలిసిన పాత ఇసుకరాయి అరిగి వచ్చిన మట్టి కాబట్టి ఎర్రగా, ఇటుక పొడిలా ఉంటుంది. భీమిలి దగ్గరి ఎర్రమట్టి దిబ్బలు చూసినవాళ్లకు ఆ ఛాయ అర్థమవుతుంది. ఫండీ లోపలి కొసన నీళ్లే గోధుమ ఎరుపుగా కనిపిస్తాయి. సముద్రం అనగానే నీలం డబ్బా తెరిచే చిత్రకారుడు ఆ ఊరివాడు కాదని అక్కడివాళ్లు ఇట్టే పట్టేస్తారు.

ఇక పొగమంచు. ఎండాకాలంలో దక్షిణం నుంచి వచ్చే వెచ్చటి తేమ గాలి ఇక్కడి చల్లటి నీళ్ల మీదికి రాగానే పొగమంచు కమ్ముకుంటుంది. పోటు నీళ్లు అడుగు నుంచి చల్లటి నీటిని పైకి కలిపేయడం వల్ల ఒడ్డు దగ్గర నీళ్లు జులైలో కూడా వేడెక్కవు. మంచులో దూరాలు చెరిగిపోతాయి. దగ్గరి చెట్టు నలుపు, దాని వెనకది బూడిద, ఆ వెనకది లేత బూడిద, ఆ తర్వాత ఏమీ లేదు. కత్తిరించిన కాగితాలు ఒకదాని వెనక ఒకటి పెట్టినట్టుంటుంది. సొంతంగా నేర్చుకున్నవాళ్ల బొమ్మలు ‘చదునుగా’ ఉంటాయని విమర్శకులు అంటుంటారు. ఈ తీరంలో మాత్రం కంటికి కనిపించేదే చాలా రోజులు చదునుగా ఉంటుంది.

## అడవిలో రెండు రకాల చెట్లు కలిసే చోటు

ఇక్కడి అడవికి శాస్త్రవేత్తలు పెట్టిన పేరే అకాడియన్ అడవి. ఈమధ్య మూలవాసుల పేరు కలిపి వబనాకి-అకాడియన్ అడవి అంటున్నారు. ఉత్తరాన చలి దేశాల సూది ఆకుల చెట్లు, దక్షిణాన ఆకు రాల్చే చెట్లు. ఈ రెండూ కలగలిసిపోయే చోటు ఇది. ఎర్ర స్ప్రూస్, బాల్సమ్ ఫర్, హెమ్‌లాక్ పక్కనే షుగర్ మేపుల్, పసుపు బర్చ్ పెరుగుతాయి.

చిత్రకారుడికి ఈ కలగలుపు పెద్ద వరం. రోజులు కురచయ్యేకొద్దీ ఆకుల్లో పచ్చదనం విరిగిపోతుంది. లోపల దాగి ఉన్న పసుపు బయటపడుతుంది. మేపుల్ ఆకు ఆ దశలో కొత్తగా ఎరుపును కూడా తయారు చేసుకుంటుంది. అచ్చంగా ఆకు రాల్చే అడవిలో అయితే అంతా ఎరుపూ పసుపే కాబట్టి కంటికి కొంతసేపటికి అలవాటైపోతుంది. ఇక్కడ ప్రతి ఎర్ర చెట్టు వెనకా నలుపుకు దగ్గరైన ముదురు ఆకుపచ్చ స్ప్రూస్ నిలబడి ఉంటుంది. ఎదురెదురు రంగులు పక్కపక్కన పడితే రెండూ మండుతున్నట్టు కనిపిస్తాయి. ఈ సంగతి పుస్తకంలో చదవక్కర్లేదు, అక్టోబరులో కిటికీ తెరిస్తే చాలు. నెలాఖరుకు మేపుల్ ఆకులన్నీ రాలాక టామరాక్ వంతు వస్తుంది. సూది ఆకుల జాతే అయినా ఆకు రాలుస్తుంది. రాల్చే ముందు కొద్ది రోజులు బంగారు రంగుకు తిరుగుతుంది. ఆ ఊళ్లలో ఉండేవాళ్ల బొమ్మల్లో ఇది ఉంటుంది. టూరిస్టుగా వచ్చి వెళ్లినవాళ్ల బొమ్మల్లో చాలాసార్లు ఉండదు, అప్పటికి సీజన్ అయిపోయి వాళ్లు వెళ్లిపోతారు కాబట్టి.

పనివాడి చూపు ఎక్కువగా బయటపడేది పడవల్లో. 1905 ప్రాంతంలో నోవా స్కోషియా దక్షిణ కొసన క్లార్క్స్ హార్బర్‌లో పుట్టిన ‘కేప్ ఐలండర్’ అనే లాబ్‌స్టర్ పడవకు ముక్కు ఎత్తుగా, వెనక భాగం వెడల్పుగా, తక్కువ ఎత్తులో ఉంటుంది. బోనులు పైకి లాగడానికి ఆ వాటం కావాలి. దూరపు ఇల్లు దగ్గరి ఇంటికన్నా పెద్దదైనా ఊరివాళ్లు పట్టించుకోరు. పడవ వెనక భాగం ఎత్తు తప్పితే మాత్రం ఊరుకోరు. ఈ బొమ్మల మొదటి విమర్శకులు జాలర్లే.

## పక్కింటి మాడ్ లూయిస్‌తో పోలిక

ఈ తీరంలో సొంతంగా నేర్చుకున్న చిత్రకారులనగానే ప్రపంచానికి గుర్తొచ్చే పేరు మాడ్ లూయిస్. ఆమె అకాడియన్ కాదు, ఇంగ్లిష్ మాట్లాడే కుటుంబం. కానీ బతికిన డిగ్బీ ప్రాంతం అకాడియన్ ఊళ్లున్న క్లేర్‌కు పక్కనే. అదే సముద్రం, అదే అడవి, అదే పేదరికం. అందుకే పోలిక పనికొస్తుంది.

చిన్నప్పటి నుంచి కీళ్లవాతంతో ఆమె వేళ్లు వంకర్లు పోయాయి. తల్లితో కలిసి క్రిస్మస్ కార్డులు వేసి అమ్మడంతో మొదలుపెట్టారు. 1938లో చేపలమ్మే ఎవరెట్ లూయిస్‌ను పెళ్లి చేసుకుని మార్షల్‌టౌన్‌లో కరెంటు, కుళాయి లేని చిన్న ఇంట్లో కాపురం పెట్టారు. ఆ ఇంట్లో తలుపు, పొయ్యి, మెట్లు, బ్రెడ్ డబ్బా దాకా పూలతో, పక్షులతో నింపేశారు. కిటికీ పక్కన కూర్చుని, చిన్న అట్టలాంటి బోర్డు మీద, పడవలకూ ఇళ్లకూ వేసే పెయింటుతో, రంగులు కలపకుండా డబ్బాలోంచి నేరుగా తీసి వేసేవారు. అప్పట్లో బొమ్మ ధర రెండు మూడు డాలర్లు, తర్వాత అయిదు. 1970లో ఆమె చనిపోయారు. ఆమె ఇంటిని ప్రభుత్వం కొని బాగుచేయించింది. ఇప్పుడది హాలిఫాక్స్‌లోని ఆర్ట్ గ్యాలరీ ఆఫ్ నోవా స్కోషియా లోపల ఉంది. ఒకప్పుడు ఒక హోటల్‌లో చీజ్ శాండ్‌విచ్‌లకు బదులుగా చేతులు మారిన ఆమె ‘బ్లాక్ ట్రక్’ బొమ్మ 2022 మేలో వేలంలో 3,50,000 కెనడియన్ డాలర్లు పలికింది.

ఆమె బొమ్మల్లో మంచు కురిసిన నేల మీద ఎర్ర ఆకుల చెట్లు ఉంటాయి. నీడలుండవు. రుతువులు కలిసిపోతాయి. ఆమె లోకం సంతోషంగా ఉండాలని కోరుకుంది, అలాగే వేసింది. అకాడియన్ ఊళ్ల బొమ్మల్లోనూ ఆ ముదురు రంగులు, ఆ చదునుదనం ఉంటాయి. తేడా పేర్ల దగ్గర తెలుస్తుంది. ఫలానా ధక్కా, ఫలానా కొండకొన, ఫలానా చర్చి అని చోటుకు పేరు పెట్టి వేయడం ఈ ఊళ్ల అలవాటు. ఒకసారి ఊరంతా పోగొట్టుకున్న జనానికి పేరు లేని ఒడ్డు సరిపోదు.

ఇంకో పోలిక దక్షిణాన ఉంది. బహిష్కరణ తర్వాత కొందరు అకాడియన్లు లూసియానా చేరారు. ‘కేజన్’ అన్న మాట వాళ్ల పేరు అరిగి వచ్చిందే. ఆ వంశంలోని జార్జ్ రోడ్రిగ్ ఆర్ట్ స్కూల్లో చదువుకుని ఊరికి తిరిగొచ్చి ఓక్ చెట్లు వేశారు. చెట్టు పైకొనను ఫ్రేము దాటించి కోసేయడంతో కొమ్మల కింది నుంచి మాత్రమే వెలుగు కనిపిస్తుంది. ఉత్తరాది స్ప్రూస్ ఆకాశంలోకి పొడుచుకుంటే, ఆ ఓక్ ఆకాశాన్నే కప్పేస్తుంది. ఒకే మూలం నుంచి వచ్చిన రెండు శాఖలు దిగిన నేలను బట్టి ఎంత వేరుగా చూశాయో ఈ రెండు చెట్లు పక్కపక్కన పెడితే తెలుస్తుంది.

## ఉన్నితో వేసిన బొమ్మలు, కొనేవాళ్ల రంగులు

కేప్ బ్రెటన్ పడమటి ఒడ్డున షెటికాంప్ ఉంది. ఒక పక్క సెయింట్ లారెన్స్ అఖాతం, ఇంకో పక్క అడవి కప్పిన కొండలు. ఇక్కడి ఆడవాళ్లు గోనెగుడ్డను చట్రానికి బిగించి, పాత బట్టల పీలికలను కొక్కెంతో ఒక్కో ముడిగా పైకి లాగి తివాచీలు చేసేవారు. 1920ల చివర్లో లిలియన్ బర్క్ అనే అమెరికన్ కళాకారిణి వీటిని అమెరికాలో అమ్మించడం మొదలుపెట్టారు. డిజైన్లు ఆమె ఇచ్చారు, రంగులు ఆమె చెప్పారు. అక్కడి డ్రాయింగ్ రూములకు నప్పేలా లేత ఛాయలు కావాలన్నారు. ఊళ్లోకి డబ్బు వచ్చింది. దాంతో పాటే పట్నం అభిరుచీ వచ్చింది.

ఈ పని లోంచే ఎలిజబెత్ లెఫోర్ట్ (1914-2005) వచ్చారు. ఎవరూ నేర్పకుండానే ఫొటో చూసి అచ్చం అలాగే ఉన్నిలో దించడం పట్టుకున్నారు. కావాల్సిన ఛాయ కోసం ఉన్నికి తానే అద్దకం వేసేవారు. అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ చిత్రం చేసి వైట్ హౌస్‌కు అందించారు. షెటికాంప్‌లో ట్రువా పిన్యోన్ మ్యూజియంలో ఆమె పనితనం చూడొచ్చు. ముఖం మీద చెంప దగ్గర రంగు మారే చోట ఒకదానికొకటి దగ్గరైన ఉన్ని ముడులు వరుసగా కనిపిస్తాయి. నాలుగడుగులు వెనక్కి వేస్తే అది చర్మం.

కొనేవాళ్లు బయటివాళ్లయినప్పుడు ఏం జరుగుతుందన్నది ఈ బొమ్మలన్నిటికీ వర్తించే ప్రశ్న. టూరిస్టుకు లైట్‌హౌస్ కావాలి. ఫ్యాక్టరీ పొగ గొట్టం, మూతపడిన చేపల ప్లాంటు గోడకు పెట్టుకోవడానికి అక్కర్లేదు. అమ్ముడుపోయేదే మళ్లీ మళ్లీ వేస్తారు. వేయగా వేయగా అదే ‘మా ఊరు’ అనిపించుకుంటుంది. ఇది చిత్రకారుడి తప్పు అనలేం, బతకాలి కదా. చూసేవాళ్లకు మాత్రం ఆ ఎంపిక వెనక ఎవరి కన్ను ఉందో తెలిసి ఉండాలి.

## ఖాళీగా కనిపించే నేల

షెటికాంప్ పక్కనే 1936లో కేప్ బ్రెటన్ హైలాండ్స్ నేషనల్ పార్క్ ఏర్పాటైంది. దాని కోసం కాప్ రూజ్ అనే అకాడియన్ ఊరిని ఖాళీ చేయించారు. 1969లో న్యూ బ్రన్స్‌విక్‌లో కూషిబూగ్వాక్ నేషనల్ పార్క్ కోసం రెండు వందలకు పైగా కుటుంబాలను, దాదాపు 1,200 మందిని లేపేశారు. వాళ్లలో ఎక్కువమంది అకాడియన్లే. జాకీ వోటూర్ అనే జాలరి వెళ్లనన్నాడు. ఇల్లు కూల్చేసినా తిరిగొచ్చి 2021లో చనిపోయేదాకా ఆ నేల మీదే ఉన్నాడు. ఆ గొడవ తర్వాతే జనాన్ని బలవంతంగా లేపి పార్కులు పెట్టే పద్ధతిని కెనడా ప్రభుత్వం మానుకుంది.

ఇప్పుడు ఆ పార్కుల్లో తిరిగితే మనిషి జాడ లేని ఇసుక తిన్నెలు, ఉప్పు గడ్డి, స్ప్రూస్ అడవి. ఫొటోకు, పెయింటింగ్‌కు ఇంతకన్నా అందమైన చోటు ఉండదు. ఆ ఖాళీతనం మాత్రం ప్రకృతి ఇచ్చింది కాదు. అక్కడ ఇళ్లు, ధక్కాలు, బంగాళదుంప మళ్లు ఉండేవి. ఒక అకాడియన్ చిత్రకారుడు ఆ ఒడ్డు వేస్తూ లేని ఇంటిని కూడా కలిపాడంటే ఊహించి వేశాడనుకోకూడదు. గుర్తుంచుకుని వేశాడు.

## 1963 తర్వాత

1960లో లూయీ రోబిషో న్యూ బ్రన్స్‌విక్ ముఖ్యమంత్రి అయ్యారు. ఎన్నికల్లో గెలిచి ఆ పదవికొచ్చిన మొదటి అకాడియన్ ఆయనే. 1963లో మాంక్టన్‌లో ఫ్రెంచ్ విశ్వవిద్యాలయం వచ్చింది. శిల్పి క్లోడ్ రూసెల్ అక్కడ చిత్రకళ విభాగం మొదలుపెట్టారు. 1969లో రాష్ట్రం రెండు అధికార భాషలను చట్టం చేసింది. 1977లో మాంక్టన్‌లో కళాకారులే గ్యాలరీ సాన్ నోమ్ అనే చోటు పెట్టుకున్నారు. ‘పేరు లేని గ్యాలరీ’ అని అర్థం.

ఆ బడిలో తయారైన తరం లైట్‌హౌస్‌లకు కొంత దూరం జరిగింది. అబ్‌స్ట్రాక్ట్ వేశారు, ఇన్‌స్టలేషన్లు పెట్టారు, భాష గురించీ రాజకీయం గురించీ మాట్లాడారు. వాళ్లకు సముద్రం బొమ్మ అంటే టూరిస్టు కార్డు అన్న అనుమానం ఉండడం సహజం. తీరపు ఊళ్లలో మాత్రం సొంతంగా నేర్చుకునే దారి ఆగలేదు. రిటైరైన జాలరి, ప్లాంటులో షిఫ్టు దిగొచ్చిన మనిషి, పిల్లలు పెద్దయ్యాక తీరిక దొరికిన తల్లి ఇప్పటికీ వంటగది టేబుల్ మీదే మొదలుపెడతారు. ఈ రెండు దారుల్లో ఒకటి గొప్ప, ఒకటి తక్కువ అనడానికి ఆధారం లేదు. బడి తరం ‘అకాడియా అంటే ఏమిటి’ అని అడిగింది. ఊరి తరం అది ఎక్కడుందో చూపిస్తూనే ఉంది.

## కరుగుతున్న ఒడ్డు

ఈ బొమ్మలకు ఇప్పుడు ఎవరూ అనుకోని ఇంకో పని వచ్చి పడింది. 2022 సెప్టెంబరులో ఫియోనా తుపాను ఈ తీరాలను చీల్చింది. ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలండ్‌లో టీకప్ రాక్ అనే ఎర్ర ఇసుకరాయి ఒక్క రాత్రిలో లేకుండా పోయింది. 2023లో నోవా స్కోషియా నైరుతిలో బారింగ్టన్ లేక్ కార్చిచ్చు 23,000 హెక్టార్లకు పైగా కాల్చేసింది. ఆ రాష్ట్ర చరిత్రలో అంత పెద్దది ఇంకోటి లేదు. అదే నైరుతి మూలన 2017లో బయటపడ్డ ఒక పురుగు హెమ్‌లాక్ చెట్లను నిలువునా ఎండగొడుతోంది. వాతావరణం వేడెక్కేకొద్దీ ఉత్తరాది జాతులైన స్ప్రూస్, ఫర్ తగ్గి, ఆకు రాల్చే చెట్లు పెరుగుతాయని అటవీ శాస్త్రవేత్తల అంచనా. అంటే ఆ ఎర్ర చెట్టు వెనక నిలబడే నలుపు పలచబడుతుంది.

నోవా స్కోషియాను మిగతా కెనడాతో కలిపే షిగ్నెక్టో భూసంధి దగ్గర హైవేనూ రైలు మార్గాన్నీ కాపాడుతున్నవి కరకట్టలే. వాటిలో మొదటివి అకాడియన్లు కట్టినవి. సముద్ర మట్టం పెరుగుతుండడంతో ఆ కట్టలను బలపరిచే పని చేపట్టారు. దాదాపు 65 కోట్ల కెనడియన్ డాలర్లు అవుతుందని అంచనా వేశారు. చుట్టూ ఉన్న పొలాల్లో ఇప్పటి తూములు కాంక్రీటుతో, ప్లాస్టిక్ పైపులతో చేసినవి. కొసన వేలాడే తలుపు మాత్రం మూడున్నర శతాబ్దాల కింద చెక్కతో చేసినట్టే పనిచేస్తుంది. ఆటు వేళ పొలం నీళ్లు దాన్ని తెరుస్తాయి, పోటు వేళ సముద్రం మూస్తుంది.